ఆగు

సొహార్‌లో రాత్రి రెండున్నర.
సముద్రాన్ని మంచినీళ్లు చేసే కర్మాగారం.
నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు,
గీతలూ మూలలూ కలిపి కట్టిన గళ్లు,
గడికో పంపు.
బొమ్మల్లేవు, మౌస్ లేదు.
ఈ ఉప్పుగాలికి మౌసులు ఆర్నెల్లు బతకవు.
కీబోర్డే నయం, అక్షరాలు అరిగినా పలుకుతది.

ఈ తెర నేనే రాసిన.
రెండుసార్లు రాసిన.

మొదటిసారి నా ప్రోగ్రాం
ఒక్కో పంపు దగ్గరికి పోయి, ఒత్తిడెంత అని అడిగి,
చెప్పేదాకా అక్కడ్నే నిలబడేది,
బాకీ వసూలుకొచ్చినోడు గడప దిగనట్టు.
పద్నాలుగో పంపు సముద్రం లోపల.
తీగె నాని, దాని నోట మాట రావాలంటే పదకొండు సెకన్లు.
ఆ పదకొండు సెకన్లు తెర రాయి.
హిలాల్ ఏ మీట నొక్కినా ఉలకదు.
"చచ్చిందా నీది?" అనేటోడు.
"లే, ఆగింది."
"అయితే రెండిటికీ తేడా చూపించు."

చూపలేకపోయిన.
మా దిక్కు ఆగు అంటే కదలకు అని.
ఆగు అంటే ఎదురుచూడు అని కూడా.
ఒకే మాటలో రెండు పనులు కుక్కిన భాష నాది,
నా ప్రోగ్రాం కూడా రెండూ ఒకటే అనుకున్నది.

తేడా శంసు దగ్గర దొరికింది.
రౌండబౌట్ పక్కన కరక్ చాయ్ కొట్టు.
కార్లోళ్లు దిగరు, హారన్ కొడతరు, అంతే.
శంసు ఒక్కడు.
పొయ్యి మీద పెట్టిన పాల మొహం చూసుకుంట కూసోడు.
హారన్ మోగితే రోడ్డు మీదికి,
పాలు సుయ్యిమంటే లోపలికి,
పరాటా మాడు వాసనకు పెనం కాడికి.
ఏదీ పిలవనప్పుడు గల్లా మీద మోచేతులు ఆనించి
ఖాళీగా, పూర్తిగా ఖాళీగా, నిలబడతడు.
"ఇంతమందిని ఎట్ల యాదికుంచుకుంటవు?" అన్న.
"నేనెందుకు ఉంచుకుంట భాయ్,
ఎవరి పని అయితే వాళ్లే పిలుస్తరు."

సిరిసిల్లలో మా నాయన నడిపిన సాంచాకు వేల పోగులు.
శంసుకు ఒక్కటే పోగు.
అదే తెగకుండా అందరి మధ్య తిరుగుతది.

రంజాను నెల రాత్రులన్నీ మళ్లీ రాసిన.
అడుగు, గుర్తు పెట్టు, వచ్చెయ్.
జవాబొస్తే అదే తలుపు కొడతది.
సుఖంగ ఏం లేకుండె.
రెండు జవాబులు ఒక్కసారే వచ్చి
నాలుగో పంపు అంకె తొమ్మిదో గడిలో పడ్డది,
ఒక రాత్రంతా హిలాల్ లేని ఒత్తిడికి భయపడ్డడు.
అప్పుడు కట్టుబాటు పెట్టిన:
ఎవరేం మోసుకొచ్చినా సరే,
తెర మీద రాసే చెయ్యి ఒక్కటే.

మే నెలల ఒక రాత్రి జెల్లీ చేపలొచ్చినయ్,
తెల్ల గొడుగులు, లక్షలు, జల్లెడల మీద పేరుకొని.
పద్నాలుగు మూగబోయింది. పదమూడు. పన్నెండు.
మూడు గళ్లు ఎరుపు.
మూలన గడియారం మాత్రం సెకను తప్పలే.
హిలాల్ ఎఫ్-నాలుగు నొక్కిండు,
తెర పలికింది.
వాల్వు మూసుకుంది, ఆరో పంపు అందుకుంది.
ఏమనలే వాడు. కుర్చీ ఇటు జరిపి
తన ఖర్జూరాల డబ్బా నా దిక్కు నూకిండు.

తెల్లారి ఈతగాళ్లు జల్లెడ కడిగినంక
పద్నాలుగో పంపు జవాబు చెప్పింది,
నాలుగు గంటల కిందటి ప్రశ్నకు.
గడువు దాటిన జవాబును పారెయ్యాలని రాసింది నేనే.
పారేసింది.
అయినా మనసు కొంచెం చివుక్కుమన్నది.

నేనూ ఒకటి అడిగి వచ్చిన,
ఫిబ్రవరిల, ఆఫీసు కిటికీ కాడ,
ఆగిన మూడు నెలల జీతం గురించి.
"ఆగు" అన్నరు, వాళ్ల భాషల.
వచ్చి నా పనిల పడ్డ, పిలుస్తరు కదా అని.
ఈ రాత్రి తెర ముందు యాదికొచ్చింది,
ఆ ప్రశ్నకు గడువు పెట్టలే.